కాలు వాళ్లది, మొక్కు మాది

ఒక్క పాయింటుతో ఓడిపోయానని చెప్పగానే ఎదుటివాళ్ల ముఖంలో జాలి కనిపిస్తుంది. "అయ్యో, ఒక్కటేనా! గెలిచినట్టే లెక్క" అంటారు. గెలిచినట్టే లెక్కయితే నా పేరు జాబితాలో ఎందుకు లేదో చెప్పమని అడగాలనిపిస్తుంది. పది పాయింట్లతో ఓడినవాళ్లు ఏడుస్తారు, ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటారు. ఒక్క పాయింటుతో ఓడినవాళ్లకు ఆ అన్నం దిగదు. కోపం తగ్గాక ఇదంతా రాద్దామని చాలా రోజులు ఆగాను. అది తగ్గేలా లేదు. అందుకని కోపంగానే రాస్తున్నాను.

మాది నర్సింహులపేట దగ్గర ఊరు. నాయిన ట్రాలీ ఆటో నడుపుతాడు. అమ్మ కూలికి పోతుంది, నాట్ల కాలంలో నాట్లకు, ఏరే కాలంలో పత్తికీ మిర్చికీ. నేను తొర్రూరులో ఇంటర్ చదివే రోజుల్లో తైక్వాండో నేర్చుకున్నాను. మా సార్‌ది రఘునాథపల్లి. తొర్రూరులో గది కిరాయికి తీసుకుని, ఎవరూ వాడని ఒక పత్తి గోదాంలో మాకు నేర్పేవాడు. ఆ గోదాంలో ఎంత ఊడ్చినా పత్తి నూగు పోయేది కాదు. కాలు గాలిలోకి లేపితే నూగు లేచేది, పక్కవాళ్లు తుమ్మేవాళ్లు. తుమ్ముతూనే తన్నుకునేవాళ్లం.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. ఛాతీకి దళసరి కవచం, తలకు హెల్మెట్ కట్టుకుని ఇద్దరు తన్నుకుంటారు. పొట్టకు కాలు తగిలితే రెండు పాయింట్లు, తలకు తగిలితే మూడు. పాయింటు పడినంత మాత్రాన ఆట ఆగదు, రెఫరీ ఆపేదాకా తన్నుకుంటూనే ఉండాలి. మూడు రౌండ్లలో రెండు గెలిచినవాళ్లది ఆట. ఇంతే. ఇంత చిన్న ఆటలో నా బతుకంతా ఇరుక్కుంటుందని అప్పుడు నాకు తెలియదు.

గోదాంలో చేరిన మొదటి రోజు ఒక తమాషా జరిగింది. సార్ మమ్మల్ని జతలు చేసి, ఒకరి భుజం మీద ఒకరిని మెల్లగా తన్నమన్నాడు. మేం పన్నెండు మంది ఆడపిల్లలం. తన్నిన ప్రతి పిల్లా వెంటనే వంగి, అవతలి పిల్లను చేత్తో తాకి, ఆ చేయి కళ్లకద్దుకుంది. తన్నుడు, మొక్కుడు. తన్నుడు, మొక్కుడు. సార్ కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఇది తైక్వాండోనా, పేరంటమా?" అని అరిచాడు. "బొట్టొక్కటే తక్కువైంది. మొక్కినోళ్లందరు పది పుషప్స్ కొట్టుండ్రి."

కాలు తగిలితే మొక్కాలని మాకు ఎవరూ పాఠంలా చెప్పలేదు. నడక వచ్చినప్పుడే అదీ వచ్చింది. మా ఇంట్లో గోడకు ఏసుప్రభువు పటం ఉంటుంది, ఆదివారం చర్చికి పోతాం, బొట్టు పెట్టం. అయినా ఈ మొక్కుడు మాత్రం మా ఇంట్లో ఉంది. నాకు ఆరేళ్లప్పుడు చర్చిలో చాప మీద కూర్చుని కాళ్లు చాపితే ముందున్న ముసలామె వీపుకు నా పాదం తగిలింది. నేను పట్టించుకోలేదు. అమ్మ అక్కడే, పాట మధ్యలో, నా తొడ మీద ఒక్కటి చరిచింది. "కాలు తగిలితే మొక్కాలె. తెల్వదా?" అంది. ఆ తర్వాత మరిచిపోయిన రోజు లేదు.

పుషప్స్ దెబ్బకు మిగతా పదకొండు మందికీ నెల తిరక్కుండానే ఆ అలవాటు పోయింది. నాకు పోలేదు, దాక్కుంది. కాలు ఎవరి తలకైనా తగిలితే నా కుడిచేయి దానంతటదే దిగి, చటుక్కున పైకొచ్చి కళ్ల దగ్గర ఆగేది. హెల్మెట్ సర్దుకుంటున్నట్టు నటించేదాన్ని. సార్ కూడా నమ్మాడు. ఒకటి రెండుసార్లు "నీ హెల్మెట్ లూజున్నది, పట్టీ బిగించు" అన్నాడు. నేను బుద్ధిమంతురాలిలా బిగించుకున్నాను.

ఇంటర్ రెండో ఏడు ఉమ్మడి జిల్లా సెలక్షన్లు జనగామలో పెట్టారు. బరువును బట్టి విభాగాలు. ఒక్కో విభాగంలో మొదట వచ్చిన ఒక్కరే స్టేట్‌కు పోతారు. రెండో స్థానానికి ఒక కాగితం ఇస్తారు, పెట్టుకోవడానికి. పోయే ముందు నాయిన తేల్చి చెప్పాడు. "ఈసారి స్టేట్ టీంల పేరొస్తే ఆడు. రాకుంటే బట్టలు కిట్టు అన్ని అటక మీదికే. తొర్రూర్ల బట్టల షాపుల మనిషి కావాల్నంట, పొయ్యి చేరు." నేను సరేనన్నాను. గెలుస్తాననే నమ్మకంతో సరేనన్నాను. అప్పటికి నా విభాగంలో నన్ను మా జిల్లాలో ఎవరూ ఓడించలేదు.

జనగామలో ఒక బడిలోని రేకుల షెడ్డులో నీలం మ్యాట్లు పరిచారు. రెండు ఆటలు సులువుగా గెలిచాను. ఫైనల్లో భూపాలపల్లి అమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్న బొగ్గు బాయిలో పనిచేస్తాడట. నాకంటే కాస్త పొట్టి, నాకంటే నెమ్మది. పొద్దుటి నుంచి తన ఆటలు లేనప్పుడల్లా మ్యాట్ పక్కనే గొంతుక్కూర్చుని నా ఆటలు చూసింది. నేను ఒక్కసారి కూడా ఆమె ఆట చూడలేదు. నీళ్లు తాగుతూ, మా పిల్లలతో నవ్వుతూ కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వే ముఖాన్ని పట్టుకుని గోడకేసి కొట్టాలనిపిస్తుంది.

మొదటి రౌండు నాది. రెండోది ఆమెది. మూడో రౌండులో ఆమె ఆరు, నేను నాలుగు. బల్ల దగ్గర కూర్చున్నాయన పది సెకండ్లు అని అరిచాడు. సార్ వెనక నుంచి "తల, తల, తలకు కొట్టు" అని గొంతు పోయేలా అరుస్తున్నాడు. ఆమె ఒక్క అడుగు ముందుకు వేసింది. నా కుడికాలు లేచింది. అంత బాగా ఎప్పుడూ లేవలేదు. పాదం ఆమె హెల్మెట్‌కు టప్పుమని తగిలింది. మూడు. ఏడు ఆరు. నేను గెలుస్తున్నాను.

నేను ఏం చేశాను? వంగాను. ఆమె భుజాన్ని కుడిచేత్తో తాకాను. ఆ చేయి తెచ్చి కళ్లకద్దుకున్నాను. ఈసారి హెల్మెట్ సర్దుకున్నట్టు కూడా నటించలేదు. కాలు అంత గట్టిగా తగిలింది కాబట్టి మొక్కు కూడా అంత నిండుగా మొక్కాను. నా కళ్ల మీద నా చేయి ఉండగానే ఆమె కాలు నా పొట్టలో దిగింది. రెండు. ఎనిమిది ఏడు. రెఫరీ ఆపేశాడు, టైం అయిపోయింది.

ఆమె చేయి పైకెత్తారు. నేను గొడవ చేశాను. టైం ముందే అయిపోయిందని, బల్ల దగ్గరాయన చూడలేదని, ఆమె తన్నింది కవచం కింద తగిలిందని అరిచాను. సార్ నన్ను రెక్క పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు. "ఏం చేసినవ్?" అని అడిగాడు. హెల్మెట్ కళ్ల మీదికి జారితే సర్దుకున్నానని చెప్పాను. "ఏం చేసినవ్ బిడ్డ?" అని మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. ఆయన నా హెల్మెట్ తీసుకుని సంచిలో వేశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ముఖం కడుక్కుందామని నల్లా దగ్గరికి పోతే ఆ అమ్మాయి అక్కడే ఉంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది.

"నువ్ మొక్కుతవని నాకెర్కే" అంది.

నల్లా కింద చేతులు పెట్టాను.

"పొద్దటి సంది చూస్తున్న. ఎవ్వలి తలకు కాలు తగిలినా నీ చెయ్యి కిందికి పోతది. గోడ లేని ఇల్లు లెక్క అయితవ్. తలకు కొట్టనిచ్చి పొట్టల కొట్టాలని అనుకున్న. కొట్టిన."

"దొంగ బుద్ధి నీది" అన్నాను.

"దొంగతనమేంది? నువ్విచ్చినవ్, నేను తీసుకున్న." నల్లా కట్టేసి చేతులు దులుపుకుంది. "ఇంకోటి చెప్త విను. మొక్కినందుకు ఓడిన అనుకోకు. మూడో రౌండ్ల నా తల నాలుగు సార్లు నీ ముందలికి వచ్చింది. నాలుగు సార్లు పొట్టకే కొట్టినవ్. నా తల నీకు ఎందుకంత ముద్దు?"

ఆమె జుట్టు పట్టుకుని కింద పడేయాలనిపించింది. ఆమె మాట నిజమని ఆ క్షణంలోనే తెలుసు కాబట్టి అంత కోపం వచ్చింది. సార్ తన ఫోన్‌లో ఆట రికార్డు చేశాడు. తిరుగు బస్సులో పాలకుర్తి దాటేదాకా దాన్నే చూశాను. నాలుగు కాదు, అయిదుసార్లు ఆమె తల నా ముందు ఖాళీగా ఉంది. అయిదుసార్లూ నా కాలు నడుం దాకా లేచి, ఇంకా పైకి పోవాల్సింది పోయి, సిగ్గుపడినట్టు కిందికి దిగి పొట్ట వెతుక్కుంది. కవచం మీద నా దెబ్బలు కొన్ని తగిలాయి, కొన్ని జారిపోయాయి. ఆ అయిదింటిలో ఒక్కటి తలకు పెట్టినా చివరి పది సెకండ్లతో నాకు పనే ఉండేది కాదు. ఒక్క పాయింటుతో ఓడిపోలేదు నేను. ఆట మొదలవకముందే ఓడిపోయి మ్యాట్ ఎక్కాను.

సరే, ఓడాను. ఓడినవాళ్లను లోకం తిడుతుంది, అది మామూలే. నన్ను మెచ్చుకుంది. దాన్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేను.

మరుసటి రోజు పేపరు జిల్లా పేజీలో నా ఫోటో వచ్చింది. కళ్ల మీద చేయి పెట్టుకుని వంగి ఉన్నాను. పోటీలోనూ సంస్కారం మరవని బిడ్డ అని పైన రాశారు. గెలిచిన అమ్మాయి సంగతి కింద ఒక్క వాక్యంలో ఉంది. కాలేజీలో ప్రిన్సిపాల్ ప్రార్థన దగ్గర నన్ను పిలిచి శాలువా కప్పాడు. "పతకాలు ఎవరైనా తెస్తారు, సంస్కారం అందరికీ రాదు" అన్నాడు. చప్పట్లు కొట్టించాడు. మరి మీ అబ్బాయిని కూడా పతకాల పనికి కాకుండా సంస్కారం పనికి పెట్టండి సార్ అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆదివారం చర్చిలో పాస్టర్‌గారు దీనత్వం గురించి చెబుతూ నా పేరు ఎత్తారు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు. ఎనిమిదేళ్ల పిల్లను చూసి నవ్వినట్టు నవ్వారు.

అందరికంటే సంతోషించింది నాయిన. పేపరు ముక్క కత్తిరించి ఆటో అద్దం లోపలివైపు అంటించుకున్నాడు. "ఊరు పరువు నిలబెట్టినవ్, చాలు" అన్నాడు. ఆ మాట అంటూనే నిచ్చెన వేసి నా కిట్టు సంచిని అటక మీద పెట్టాడు. ఇచ్చిన మాట మాటే. తర్వాతి నెల నుంచి కాలేజీ అయ్యాక బట్టల షాపులో చీరలు మడతపెట్టాను. నేను మడతపెట్టిన చీరలన్నీ ఎవరో తన్నినట్టుండేవని యజమానురాలు అనేది.

షాపులో ఉండగానే ఒకరోజు ఒక పాత జ్ఞాపకం వచ్చింది. ఒకామె చీర చూస్తూ వెనక్కి జరిగి, చెప్పుకాలితో నా పాదం తొక్కింది. నా చేయి కిందికి పోయింది. తొక్కింది ఆమె, మొక్కింది నేను. మొక్కాక ఆగి చూసుకున్నాను. ఇదెక్కడ నేర్చుకున్నాను అని.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మహబూబాబాద్ మార్కెట్‌కు నాయిన మిర్చి బస్తాలు వేసుకుపోతుంటే అమ్మా నేనూ ఎక్కి పోయాం. యార్డంతా ఘాటు, జనం, తుమ్ములు. కుప్పల మధ్య సన్నటి తోవ. బూట్లేసుకున్న ఒక పెద్దమనిషి ఫోన్లో మాట్లాడుతూ వచ్చి అమ్మ పాదం తొక్కాడు. బూటుకాలు. అమ్మకు చెప్పులు కూడా లేవు. ఆయన ఆగను కూడా ఆగలేదు. అమ్మ వంగింది. ఆయన బూటు వైపు చేయి చాపి, అది అందకపోతే ఆయన నడిచిన నేలను తాకి, కళ్లకద్దుకుంది. అమ్మ బొటనవేలి గోరు చిట్లి నెత్తురొచ్చింది. "నువ్వెందుకు మొక్కినవే?" అని అడిగాను. "పెద్దోళ్లు బిడ్డ" అంది. అప్పటికి నాకు ఆ జవాబు సరిపోయింది.

కాలు వాడిది, మొక్కింది మా అమ్మ. ఎవరి తల మీదా కాలు లేపకూడదని నా కాలికి నేర్పిందెవరో, నడుం దాకా లేచి దిగిపోయేలా చేసిందెవరో అప్పుడు అర్థమైంది. సగం మడతపెట్టిన చీర అక్కడే పడేసి బస్సెక్కాను.

అమ్మ అప్పుడే మిర్చి ఏరి వచ్చి, మంటపుట్టే చేతులను మజ్జిగలో ముంచుకుని కూర్చుంది. నేను వాకిట్లోంచే మొదలుపెట్టాను.

"నువ్వే ఓడగొట్టినవ్ నన్ను" అని అరిచాను. "ఆ పిల్ల కాదు, రెఫరీ కాదు. నువ్వు. నిన్ను తొక్కినోనికి నువ్వు మొక్కినవ్. నన్ను గూడ గట్లనే పెంచినవ్. చర్చిల కొట్టి కొట్టి నేర్పినవ్ గదా, సంబురమేనా ఇప్పుడు?"

అమ్మ మజ్జిగ గిన్నెలోంచి చేతులు తీసి, కొంగుకు తుడుచుకుని, వాటినే చూస్తూ కూర్చుంది. నాకు ఇంకా కోపం వచ్చింది. తిరిగి తిడుతుందేమోనని చూశాను. తిట్టలేదు.

మూడో రోజు పొద్దున కళ్లు తెరిచేసరికి నా కిట్టు సంచి నా పక్కన ఉంది. అమ్మ అటక మీది దుమ్మంతా తల మీద వేసుకుని నిలబడి ఉంది. నాయిన గడప దగ్గర పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని, "మాటంటే మాట గదా" అంటున్నాడు.

"మాట నువ్విచ్చినవ్" అంది అమ్మ. "నేనియ్యలే."

నాయిన పుల్ల నములుతూ బయటికి పోయాడు. అమ్మ సంచిలోంచి తన్నుడు ప్యాడ్ తీసింది. మా సార్ ఇచ్చిన పాతది, అంచులు చినిగి స్పాంజి బయటికొచ్చింది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, రెండు చేతులతో పట్టుకుని, తన ముఖం పక్కన పెట్టుకుంది.

"తన్ను" అంది.

"నీకేమన్న పిచ్చా?"

"ఎవ్వల తల మీదికి లేస్తలేదో గా కాలు ముందుగాల నా తల మీదికి లేపు. నేర్పింది నేనే గదా. నేనే తీస్త."

కాలు లేపాను. నడుం దగ్గర ఆగిపోయింది. మళ్లీ లేపాను, మళ్లీ అక్కడే ఆగింది. అమ్మ నవ్వలేదు, ఓదార్చలేదు. "కూలికి పొయ్యే యాళ్లయితంది, తొందరగ తన్ను" అంది. ఆ రోజు ప్యాడ్‌కు ఒక్కటీ తగల్లేదు. నేను కూర్చుని ఏడిస్తే, సద్ది మూట తీసుకుని పోతూ, "రేపు గూడ ప్యాడ్ పడ్త" అని చెప్పి పోయింది.

అట్లా రోజూ పొద్దున అమ్మ నాకు పావుగంట ప్యాడ్ పట్టింది. సాయంత్రాలు షాపు మానేసి గోదాంలో సార్ దగ్గర. సార్‌కు అన్నీ చెప్పేశాను, హెల్మెట్ అబద్ధంతో సహా. ఆయన యాభై పుషప్స్ కొట్టించాడు. ఇరవై రోజులకో నెలకో నా కాలు ప్యాడ్ దాకా పోయింది. తర్వాత గట్టిగా పోయింది. ఒకరోజు గురి తప్పింది. ప్యాడ్ పక్కనుంచి జారి పాదం నేరుగా అమ్మ చెంప మీద పడింది. అమ్మ తూలి గోడకు ఆనుకుంది.

"అమ్మా!" అని వంగాను. చేయి ఆమె కాళ్ల వైపు పోతోంది. ఆ చేతి మీద అమ్మ ఫెడేల్మని కొట్టింది.

"మొక్కితే చెయ్యి ఇరగ్గొడ్త" అంది. చెంప ఎర్రగా పొంగుతోంది, కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి. "చేతులు మీదికి పెట్టు. ఎవ్వలన్న తన్ననీకొస్తుండ్రా చూడు."

చేతులు ముఖం ముందు పెట్టుకుని నిలబడ్డాను. మా అమ్మను తన్ని, మొక్కకుండా. నా ఒంట్లో ప్రతి ఎముకా తప్పు తప్పు అని మొత్తుకుంటోంది. అమ్మ మళ్లీ ప్యాడ్ ఎత్తింది.

ఆ పొద్దు మిర్చి చేనులో ఆడవాళ్లు ఆ చెంప ఏమిటని అడిగారట. మీ ఆయన కొట్టిండా అని గుసగుసగా అడిగారట. "మా ఆయన కాదు, నా బిడ్డ తన్నింది" అని అమ్మ చెప్పిందట. వాళ్లు నోటి మీద చేయి పెట్టుకున్నారు. పొద్దుగూకేసరికి ఊరంతా పాకింది. సంస్కారం మరవని బిడ్డ తల్లిని తన్నే బిడ్డ అయింది. నాయిన ఆటో అద్దం మీది పేపరు ముక్క కూడా పీకేశాడు. అందుకు మాత్రం నాకు సంతోషంగా ఉండింది.

మరుసటి ఏడు సెలక్షన్లు భూపాలపల్లిలో. అమ్మ కూలి మానుకుని నాతో వచ్చింది. పరకాల దాటాక బస్సులో ఇద్దరం పులిహోర తిన్నాం. హాలు దగ్గర అమ్మ గోడ వారగా నిలబడింది, కుర్చీలున్నా కూర్చోలేదు. నేను ఈసారి ఎవరితోనూ నవ్వలేదు. మ్యాట్ పక్కన గొంతుక్కూర్చుని ఆ భూపాలపల్లి అమ్మాయి ఆటలన్నీ చూశాను. తన్నాలనుకునే ముందు ఎడమ భుజం దింపుతుందని కనిపెట్టాను. ఆమె కూడా నన్ను చూస్తోంది. ఇద్దరం ఒకరినొకరు దొంగల్లా చూసుకున్నాం.

ఫైనల్ మళ్లీ మా ఇద్దరికే పడింది. మళ్లీ ఒక రౌండు నాది, ఒకటి ఆమెది. మూడో రౌండులో తలకు రెండుసార్లు కొట్టాను. ఒకటి తగిలింది. ఆమెకు కూడా పాయింట్లు పడుతూనే ఉన్నాయి. ఆఖరికి ఏడు అయిదు, ఆమెదే పైచేయి. ఎడమ భుజం కాస్త దిగింది. అది పూర్తిగా దిగేలోపు నా కాలు ఆమె హెల్మెట్ మీద ఉంది. మూడు. నాకు ఎనిమిది.

ఆమె ఆగింది. నా చేయి కోసం ఆగింది. నా చేయి కిందికి దిగుతుందని, పొట్ట ఖాళీ అవుతుందని ఏడాది కిందటి లెక్కతోనే కాలు లేపింది. నా చేయి దిగాలనే చూసింది. మోచేయి దాకా ఆ గుంజుడు తెలిసింది నాకు. పళ్లు బిగపట్టి దాన్ని అక్కడే ఆపాను. ఆమె కాలు నా మోచేతి మీద పడింది. పాయింటు లేదు. రెఫరీ ఆపాడు. ఎనిమిది ఏడు.

"ఈసారి దిగలే" అంది ఆ అమ్మాయి, హెల్మెట్ తీస్తూ. ఏడుస్తోంది, నవ్వుతోంది. ఆమె ఒక్క పాయింటు బాధ నాకు తెలుసు కాబట్టి గెలిచినట్టే లెక్క అని మాత్రం అనలేదు. చేయి పట్టుకుని ఊపాను.

స్టేట్‌లో మొదటి ఆటకే ఓడిపోయి వచ్చాను. అది వేరే కోపం, ఇక్కడ దానితో పనిలేదు. ఇక్కడ చెప్పాల్సింది ఆ పొద్దు భూపాలపల్లి హాలు గుమ్మం దగ్గర జరిగింది.

పతకాలు ఇచ్చాక ముఖ్య అతిథి దిగి వెళ్తున్నాడు. చుట్టూ పదిమంది. గుమ్మం ఇరుకు. అమ్మ గోడకు అతుక్కుపోయి తోవ ఇచ్చింది. అయినా ఆయన అటు తిరిగి ఎవరితోనో నవ్వుతూ అమ్మ పాదాన్ని బూటుతో తొక్కాడు. నేను నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను. చూస్తుండగానే అమ్మ వంగింది. ఆయన ప్యాంటు అంచు తాకి, కళ్లకద్దుకుంది. ఆయన చూడను కూడా చూడలేదు.

నా మెడలో పతకం ఉంది. తల తిరిగినంత కోపం వచ్చింది. ఆయన మీదికి పోలేదు. సిగ్గు లేకుండా అమ్మ మీదికే పోయాను.

"ఏందే ఇది?" అని అరిచాను. జనం తిరిగి చూశారు. "నాకు నేర్పినవ్ గదా! ఏడాది సంది పొద్దున లేస్తే నన్ను కొట్టి మాన్పించినవ్ గదా! మళ్ల మొక్కుతవా? మళ్ల తొక్కినోనికే మొక్కుతవా?"

అమ్మ పాదాన్ని ఇంకో పాదంతో రుద్దుకుంటూ నిలబడింది. ఆమె కూడా కోపంగా చూసింది నన్ను. నేను చూసినంతలో మొదటిసారి.

"నీకు నేను ప్యాడ్ పట్టిన" అంది. "నాకెవలు పట్టిన్రే?"

పతకం తీసి జేబులో పెట్టుకున్నాను.

ఇప్పుడు ఆ గోదాంలోనే సార్‌తో పాటు నేనూ నేర్పుతున్నాను. పోయిన నెల అమ్మా నేనూ తొర్రూరు బస్టాండులో ఖమ్మం బస్సు కోసం నిలబడ్డాం. బస్సు రాగానే జనం ఎగబడ్డారు. తెల్లబట్టల మనిషి ఒకాయన సంచి ఊపుకుంటూ వచ్చి అమ్మ కాలు తొక్కాడు. అమ్మ చేయి కిందికి పోయింది. నేను మణికట్టు దగ్గర దాన్ని పట్టుకున్నాను. యాభై ఏళ్ల చేయి, నాట్లు వేసిన చేయి, నాకంటే బలం దానికి. కిందికే గుంజుతోంది. ఆయన మమ్మల్ని చూస్తున్నాడు, బస్సు కదులుతోంది, అమ్మ "ఇడువు బిడ్డ, ఇడువు" అంటోంది. నేను విడవలేదు.